గోడ మీద ఇరవై పాదాలు

సోమవారం తెల్లవారుజామున కోచ్ ఎవరల్డ్ ముషెట్ మైదానం పక్కన మామిడిచెట్టుకు తగిలించిన నల్లబల్ల మీద ఆ వారం ప్లాను రాశాడు. అందులో పరుగు గురించి ఒక్క ముక్క లేదు. పరుగయ్యాక ఏం చెయ్యాలన్నదే ప్లానంతా. ట్రెలానీ కొండల్లో పుట్టిన పిల్లలకు పరుగెత్తడం ఒకరు నేర్పక్కర్లేదు, ఆపడం మాత్రం ఒక్కరికీ రాదు అని ఆయన బాధ. గీత దాటగానే గడ్డిలో చతికిలబడి, చల్లటి సోడా ఒకటి తాగి, అరగంట తర్వాత "కోచ్, కాలు పట్టేసింది" అని ఏడవడమే పెన్‌బరీ హైస్కూల్ పిల్లలకు తెలిసిన విద్య.

ప్లాను ఇలా ఉంది. ముందు రెండు చుట్లు మెల్లగా జాగింగ్. తర్వాత హర్డిల్స్ దూకిన మోకాళ్ళు కుదుటపడేందుకు ఒక చుట్టు వెనక్కి నడక. ఆ తర్వాత ఏటి నీళ్ళలో ముంచిన తెల్ల దుప్పటి తొడల నుంచి చీలమండల దాకా చుట్టుకోవాలి. ఐసు దొరికే ఊరు ఎనిమిది మైళ్ళ అవతల ఉంది మరి. అప్పుడు వెల్లకిలా పడుకుని, కాళ్ళు గోడ మీదికి ఎత్తి, కళ్ళు మూసుకుని అయిదు నిమిషాలు. చివర్న పాదాలు పక్కలకు పదిసార్లు, పైకీ కిందకీ పదిసార్లు ఆడించి లేవాలి.

తొమ్మిదిమంది పిల్లలూ నోళ్ళు వెళ్ళబెట్టి చదివారు. అందరిలోకీ బాగా దూకేదీ, అందరికంటే బద్ధకస్తురాలూ అయిన కెరిషా చెయ్యెత్తింది.

"నా పరుగు పదిహేను సెకన్లు కోచ్. దానికి అరగంట కూల్‌డౌనా? పైగా తడి దుప్పటి చుట్టడం, పడుకోబెట్టడం... శవానికి చేసేవన్నీ చేయిస్తున్నారు."

"చెయ్యకపోతే మాస్ హోరేస్‌లా అవుతావు. ఆయన కథ తెలుసా నీకు?"

తెలియకేం, ఆ కథ వారానికోసారి వినాల్సిందే. ఊళ్ళో పెద్ద మగవాళ్ళను మాస్ అని పిలవడం మర్యాద. యాభై మూడేళ్ళ కిందట ఈ గడ్డి మీద హోరేస్ డెలపెన్యాను మించి పరుగెత్తినవాడు లేడు. గీత దాటాక ఒక్క అడుగు నడిచేవాడు కాదు, నేరుగా రమ్ము కొట్టుకు పోయేవాడు. ఓ రోజు కొట్లోనే తొడ కండరం పట్టేసింది, చచ్చేదాకా వదల్లేదు. ఆ కుంటికాలుతో కంద చేలో తూలిపడితే కత్తివేటుకి ఎడమ పాదం చిటికెన వేలు కూడా పోయింది. పోయిన ఏడాదే మనిషి పోయాడు. పిల్లల పరుగు చూసుకోవచ్చని, బతికుండగానే మైదానం గోడ పక్కన సమాధి కట్టించుకున్నాడు.

"అర్థమైంది కోచ్. కూల్‌డౌన్ చెయ్యకపోతే చచ్చిపోతాం, అంతేగా," అంది కెరిషా.

"చావవు. అదే కష్టం," అన్నాడు కోచ్.

ఆయన దగ్గర ఒక హాజరు పుస్తకం ఉంది. నిమిషం ఆలస్యమైనా పేరు పక్కన ఎర్ర గీత పడుతుంది. ఒకసారి వ్యాను చెడిపోయి తానే ఆలస్యంగా వస్తే తన పేరు పక్కన కూడా గీసుకున్న మనిషి. అలాంటి మనిషి ఆ వారం మాత్రం పిల్లి పిల్లలా మెత్తగా ఉన్నాడు, దానికి కారణం ఉంది. మైదానం చర్చిది. గోడకు అవతల చర్చి సమాధుల తోట. తోట నిండిపోయింది, ఆఖర్న పోయిన ఇద్దర్నీ నడిచే దారిలో పెట్టాల్సి వచ్చింది. అందుకని మైదానాన్ని తోటలో కలిపేద్దామా అని శుక్రవారం చర్చి కమిటీ ఓటు వేస్తుంది. మేకలు కూడా పక్కకు ఒరిగి నిలబడే ఆ కొండల్లో చదునైన నేల అదొక్కటే. అది పోతే పెన్‌బరీలో పరుగే ఉండదు. చెప్పుల్లేని పిల్లాడిగా ఆ గడ్డి మీదే పరుగు నేర్చుకున్న ముషెట్ ఆ మాట తలుచుకోవడానికి కూడా ఇష్టపడేవాడు కాదు.

"ఈ వారం పాటల్లేవు, కేకల్లేవు, గోడ దగ్గర గుసగుస కూడా వద్దు. కమిటీవాళ్ళకి మనమీద వేలెత్తే అవకాశం ఇవ్వకూడదు," అని హెచ్చరించాడు. పిల్లలు మాట విన్నారు. వాళ్ళు మాట వినడం అదే మొదటిసారి, అసలు చిక్కంతా దాంతోనే వచ్చింది.

మంగళవారం పొద్దున పొగమంచు మోకాళ్ళదాకా నిలిచింది. చెట్టుకప్పలు ఈల ఆపేశాయి, కోళ్ళు ఇంకా లేవలేదు. ఆ సమయంలో మిస్ ఇకిల్డా తోటలోకి వచ్చింది. ఆవిడ మాస్ హోరేస్ భార్య, ఊళ్ళో సరుకుల కొట్టు ఆవిడదే, కమిటీలోనూ ఉంది. ప్రతి మంగళవారం భర్త సమాధి దగ్గర నిలబడి వారం కబుర్లన్నీ చెబుతుంది. బతికున్నప్పుడు వినేవాడు కాదు, ఇప్పుడైతే మధ్యలో లేచిపోలేడని ఆవిడ ధైర్యం.

ఆ గోడ మైదానం వైపు నుంచి నడుమెత్తు ఉంటుంది. తోట వైపు నేల ఎత్తు, కాబట్టి అటునుంచి చూస్తే గోడ ఉన్నట్టే తెలియదు, నేల అంచులా కనిపిస్తుంది. ఆ అంచున, మంచులోంచి, వరసగా పాదాలు నిక్కి ఉన్నాయి. చీలమండలకు తెల్లగుడ్డ చుట్టి ఉంది. వేళ్ళు ఆకాశంకేసి ఉన్నాయి. చడీ చప్పుడూ లేదు. మనుషుల్ని తలకిందులుగా పాతిపెట్టి పాదాలు మాత్రం పూడ్చడం మర్చిపోయినట్టుంది.

పెన్‌బరీలో చచ్చినవాళ్ళు రెండు రకాలు. పెట్టినచోట పడుకునేవాళ్ళు ఒక రకం, లేచి తిరిగేవాళ్ళు రెండో రకం. ఈ రెండోవాళ్ళను డప్పీలంటారు. డప్పీ కనబడితే అరవకూడదు, వెన్ను చూపకూడదు, వెనక్కి నడిచి వచ్చెయ్యాలి, ఇంటి గడప దగ్గర మూడుసార్లు చుట్టూ తిరిగితే అది మన వెంట లోపలికి రాలేదు. డెబ్బై నాలుగేళ్ళ మిస్ ఇకిల్డా గేటు దాకా వెనక్కే నడిచింది, గేటునుంచి కొట్టుదాకా కూడా వెనక్కే నడిచింది. దారిలో పాలబ్బాయి గుడ్ మార్నింగ్ చెబితే పలకలేదు.

ఆ మధ్యాహ్నమే కాటికాపరి మాస్ ఎగ్బర్ట్‌ను పిలిచి, పొద్దున్నే వెళ్ళి చూసి రమ్మంది. అతనూ కమిటీ మనిషే. రాళ్ళ తోటలో గుంటలు తవ్వి నడుం విరిగినవాడు, మెత్తటి మైదానం మీద ఎప్పటినుంచో కన్నేసినవాడు.

మాస్ ఎగ్బర్ట్‌కు తోటలోకి వెళ్ళే ధైర్యం చాలక బుధవారం మైదానం వైపు నుంచి వచ్చాడు. మంచులో తొమ్మిది నీడలు మాట్లాడకుండా మైదానం చుట్టూ వెనక్కి నడుస్తున్నాయి. పిల్లలంతా దేన్నో చూసి వదిలించుకుంటున్నారన్నమాట! చివర్న నడుస్తున్న కెరిషాను ఆపి, "ఏమైందమ్మా? ఎందుకిలా నడుస్తున్నారు?" అని అడిగాడు.

గోడ దగ్గర మాట్లాడకూడదని కోచ్ ఆజ్ఞ. అందుకని కెరిషా పెదాల మీద వేలు పెట్టుకుని, ఆ వేలితోనే గోడను చూపించింది. చూపించాక గుర్తొచ్చింది, గోడ వెనక ఉన్నవి సమాధులని. సమాధికేసి వేలు చూపిస్తే ఆ వేలు కుళ్ళిపోతుంది, కుళ్ళకుండా ఉండాలంటే పది వేళ్ళూ కొరుక్కోవాలి. తల్లి కడుపులో ఉన్నప్పటినుంచీ విన్న మాట అది. పాపం ఆ పిల్ల బొటనవేలుతో మొదలుపెట్టి పది వేళ్ళూ వరసగా, శ్రద్ధగా కొరుక్కుంది. ఆ పని పూర్తయ్యేసరికి మాస్ ఎగ్బర్ట్ అక్కడ లేడు, అతని టోపీ ఉంది.

మధ్యాహ్నం కోచ్ ఉప్పుచేప కొనడానికి కొట్టుకు వెళ్ళేసరికి కమిటీ మొత్తం అక్కడే ఉంది. కమిటీ అంటే ముగ్గురే. మూడో ఆయన పాస్టర్ లింటన్ హెప్‌బర్న్. డప్పీలను నమ్మడు. చనిపోయినవాళ్ళు లేచేది ఒక్కరోజే, ఆ రోజు ఇంకా ప్రకటించలేదు అంటాడు.

"ఇరవై పాదాలు పాస్టర్ గారూ," అంది మిస్ ఇకిల్డా. "దూరంనుంచైనా సరే, లెక్కపెట్టాను."

"పద్దె—" అని కోచ్ నాలుక కరుచుకున్నాడు. తేలు కుట్టిన దొంగలా ఉప్పుచేప డబ్బా కేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఏంటి ఎవరల్డూ? ఏమన్నావు?"

"ఏం లేదు మిస్ ఇకీ. మంచులో లెక్క తప్పుతుందేమోనని."

"కందులు కొలిచే చెయ్యి నాది. నాకు లెక్క తప్పదు. ఇరవైకి ఒక్కటి తగ్గలేదు. అన్నిటికీ తెల్లగుడ్డ ఉంది, చివరి జతకి మాత్రం లేదు."

కెరిషా! తడి దుప్పటి చుట్టుకోలేదన్నమాట, బద్ధకపు పీనుగ, అని కోచ్ లోపల్లోపల పళ్ళు నూరాడు.

"చోటు చాలక తిరగబడిపోయారు పాస్టర్ గారూ," అన్నాడు మాస్ ఎగ్బర్ట్. "ఒకళ్ళ మీద ఒకళ్ళని పెట్టొద్దని రెండేళ్ళనుంచి మొత్తుకుంటున్నా. ఊపిరాడక కాళ్ళు బయటపెట్టారు. వాళ్ళకి మైదానం కావాలి. మెత్తటి నేల."

"మెత్తటి నేల వాళ్ళకు కావాలా, నీకు కావాలా?" అంది మిస్ ఇకిల్డా.

పాస్టర్ గొంతు సవరించుకున్నాడు. "శుక్రవారం దాకా ఆగడం లేదు. రేపు తెల్లవారుజామున ముగ్గురం వెళ్ళి చూద్దాం, అక్కడే ఓటు వేద్దాం. బతికున్నవాడెవడైనా ఆ గోడ మీద కాలు పెట్టాడని తెలిస్తే మైదానానికి ఆ రోజే తాళం వేయిస్తాను, అది పవిత్రమైన గోడ. చచ్చినవాళ్ళే పెట్టారని తేలితే చోటు చాలట్లేదని అర్థం, మైదానం తవ్విస్తాను. నువ్వూ రా కోచ్, సాక్షిగా."

ముందు నుయ్యి వెనక గొయ్యి అని ఊరికే అనరు. నిజం చెబితే తాళం, చెప్పకపోతే గుంటలు. ఇక ముషెట్‌కు మిగిలిన దారి ఒక్కటే, రేపు ఆ గోడ మీద ఏ పాదమూ కనిపించకూడదు.

మిస్ ఇకిల్డా అంతటితో ఊరుకోలేదు. సాయంత్రం శేరు కందులు తీసుకెళ్ళి గోడ పొడుగునా చల్లి వచ్చింది. "డప్పీకి మూడు దాటి లెక్క రాదు," అని కోచ్‌కు చెప్పింది. "మూడు గింజలు లెక్కపెడతాడు, మళ్ళీ మొదటికొస్తాడు. తెల్లారేదాకా అక్కడే ఉంటాడు. మనం చూడొచ్చు."

"నేను పది లెక్కపెట్టమన్నా మా పిల్లలూ మూడు దగ్గరే ఆగుతారు మిస్ ఇకీ," అన్నాడు కోచ్ నవ్వబోయి. నవ్వు రాలేదు.

గురువారం పిల్లలంతా డప్పీ అంటకుండా చొక్కాలు తిరగేసి తొడుక్కుని వచ్చారు, తల్లులు జేబుల్లో ఉప్పు పోసి పంపారు. కోచ్ హాజరు తీసుకున్నాడు, తొమ్మిదిమందీ ఉన్నారు.

"ఇవాళ గోడ జోలికి ఎవరూ పోకూడదు. మైదానం నడుమ పడుకోండి, కాళ్ళు హర్డిల్స్ మీద పెట్టుకోండి. నేను అవతలివైపు ఉంటాను. కళ్ళు తెరవొద్దు, నోరు తెరవొద్దు."

"గోడే బాగుంది కోచ్," అంది కెరిషా. "నమ్మరుగానీ, ఇవాళ తొడ నొప్పి లేకుండా లేచాను. హర్డిల్ మడమకి గుచ్చుకుంటుంది."

"కెరిషా! గోడ మీద నీ వేలు కనిపించినా నిన్ను జట్టులోంచి తీసేస్తా."

తోటలో నలుగురూ మాస్ హోరేస్ సమాధి దగ్గర నిలబడ్డారు. వెలుగు ఇంకా రాలేదు, చీకటి మాత్రం కాస్త పలచబడింది. మంచు సమాధుల మధ్య పాకుతోంది. తడి మట్టి వాసన, ఎక్కడో కుళ్ళిన పనసతొన వాసన. గోడ అంచున కందులు తప్ప ఏమీ లేదు. నిమిషం గడిచింది, రెండు నిమిషాలు గడిచాయి. కోచ్ ఊపిరి వదిలాడు.

"చూశారా పాస్టర్ గారూ. ఏమీ లేదు. పెద్దావిడ కళ్ళు కదా, మంచులో..."

మిస్ ఇకిల్డా అతని మోచెయ్యి పట్టుకుంది. ఆవిడ చెయ్యి చల్లగా ఉంది.

గోడ చివర, సమాధికి సరిగ్గా ఎదురుగా, అవతలివైపు నుంచి వేళ్ళు పైకి వచ్చాయి. తర్వాత పాదాలు. తొందరేమీ లేదు వాటికి. రెండూ పక్కపక్కనే నిలిచి కదలకుండా ఆగాయి. తెల్లగుడ్డ లేదు.

మాస్ ఎగ్బర్ట్ కొత్త టోపీ కూడా పారేసుకున్నాడు. కోచ్‌కు భయం వెయ్యలేదు, ఒళ్ళు మండింది. మైదానం పోయింది, యాభై ఏళ్ళ గడ్డి పోయింది, మడమకి గుచ్చుకుంటుందని ఒక పిల్ల మొత్తం ముంచేసింది! గోడ దూకి పోదామనుకున్నాడు కానీ పాస్టర్ అప్పటికే చెయ్యెత్తాడు.

"ఎవరు మీరు? మీకు... మీకు చోటు చాలడం లేదా?"

పాదాలు పక్కలకు ఊగాయి. ఇటు, అటు. కాదు, కాదు, కాదు. ఆగాయి. మళ్ళీ కాదు, కాదు, కాదు. ఆగాయి.

పదిసార్లు చెయ్యమంటే మూడేసి చేసి ఆపుతుందేంటీ పిల్ల, అనుకున్నాడు కోచ్. అంత కష్టంలోనూ ఆయనకు అదే కనిపించింది.

పాస్టర్ నుదురు తుడుచుకున్నాడు. డప్పీలను నమ్మని మనిషి, అడగకుండా ఉండలేకపోయాడు. "అయితే... మైదానం తవ్వొద్దంటారా?"

పాదాలు పైకీ కిందకీ ఆడాయి. అవును, అవును, అవును. ఆగాయి. అవును, అవును, అవును. తర్వాత మెల్లగా వెనక్కి, వచ్చినంత నిదానంగా, గోడ అవతలికి దిగిపోయాయి.

మొదట తేరుకున్నది పాస్టరే. "ఓటు వేద్దాం," అన్నాడు పీల గొంతుతో. "మైదానం పిల్లలదే. నేను బతికున్నంతకాలం దానిమీద పార పడదు. ఎగ్బర్ట్?" మాస్ ఎగ్బర్ట్ రెండు చేతులూ ఎత్తాడు. మిస్ ఇకిల్డా తల ఊపింది, చూపు మాత్రం గోడ మీంచి తిప్పలేదు. ముషెట్ అక్కడే ఒక సమాధి అంచున కూర్చున్నాడు. ఏడుపొచ్చింది, ఏడిస్తే సాక్ష్యం చెల్లదేమోనని ఆపుకున్నాడు. కెరిషాను తిట్టాలో, ఎత్తుకుని ముద్దాడాలో తెలియలేదు. రెండూ చేద్దామని లేచి గోడ దూకాడు.

గోడ కింద ఎవరూ లేరు. గడ్డి మీద మంచు చెక్కు చెదరలేదు.

మైదానం నడుమకు నడిచాడు. తొమ్మిదిమందీ తెల్ల దుప్పట్లు చుట్టుకుని, హర్డిల్స్ మీద కాళ్ళు పెట్టుకుని వరసగా పడుకుని ఉన్నారు. ఏడుగురు గుర్రు పెడుతున్నారు. కెరిషా ఒక కన్ను తెరిచింది.

"నువ్వు గోడ దగ్గరికి వచ్చావా?"

"నాకేం పిచ్చా కోచ్? అక్కడ డప్పీ ఉందని ఊరంతా చెబుతుంటే! చూడండి, దుప్పటి ముడి కూడా విప్పలేదు, మీరు కట్టిందే. లేవమంటారా? అయిదు నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి."

"ఇంకో అయిదు నిమిషాలు పడుకో," అన్నాడు కోచ్. ఆయన గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది.

మళ్ళీ గోడ దగ్గరికి వెళ్ళాడు. గోడ మీద తడిలో రెండు మడమల గుర్తులున్నాయి. నిన్న సాయంత్రం మిస్ ఇకిల్డా చల్లిన కందులు, ఈ చివర నుంచి ఆ చివరదాకా, మూడు మూడు గింజలుగా చిన్న చిన్న కుప్పలు పెట్టి ఉన్నాయి. ఒక్క గింజ కూడా నేల మీద పడలేదు.

అవతల మిస్ ఇకిల్డా ఒక్కతే నిలబడి ఉంది. మగవాళ్ళిద్దరూ అప్పటికే గేటు దాకా వెనక్కి నడిచి వెళ్ళిపోయారు, పాస్టర్ కాస్త ముందున్నాడు.

"ఎవరల్డూ, నీ పిల్లల్లో ఎడమకాలికి నాలుగు వేళ్ళున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"లేరు మిస్ ఇకీ."

"నేనూ అదే అనుకున్నాను." ఆవిడ వంగి ఒక కుప్పలోని మూడు గింజలూ తీసి కొంగున కట్టుకున్నట్టు రుమాలులో మూట కట్టుకుంది. కళ్ళు తుడుచుకుంది, భయంతో మాత్రం కాదు. "నలభై ఏళ్ళు రాత్రిపూట ఆ కాలు పిసికాను. కాస్త సాగదీసుకో మనిషీ, గోడకి ఎత్తిపెట్టుకో అని డాక్టరు చెప్పాడు, నేను చెప్పాను, నువ్వు చెప్పావు. విన్నాడా? ఇప్పుడు పిల్లలు చేస్తుంటే చూసి నేర్చుకున్నాడు." సమాధిని అరచేత్తో ఒకసారి తట్టింది. "పోన్లే. ఇకనైనా నిద్రపడుతుంది."

ఆవిడ వెళ్ళేటప్పుడు వెనక్కి నడవలేదు. ముందుకే నడిచింది, మెల్లగా, పేరంటానికి వెళ్ళొస్తున్నంత తాపీగా.

కోచ్ ముషెట్ మామిడిచెట్టు కింద కూర్చుని హాజరు పుస్తకం తెరిచాడు. తొమ్మిది పేర్ల కింద పదో పేరు రాశాడు, హోరేస్ డెలపెన్యా. మంగళవారం హాజరు, గురువారం హాజరు. తర్వాత ఎర్ర కలం తీసి, యాభై మూడేళ్ళు ఆలస్యంగా వచ్చినందుకు పేరు పక్కన గీత పెట్టాడు. రూలు అందరికీ ఒక్కటే.